ఎంత జీతం అడగాలె? లివింగ్ వేజ్ లెక్క ఇంటి పద్దు నుంచి కట్టుడు ఎట్ల

వారానికి ఒక్కరన్న ఫోన్ చేసి ఇదే అడుగుతున్నరు. "అన్నా, మేం పదకొండు మందిమి ఉన్నం, జీతం పెంచమని అడుగుదామనుకుంటున్నం, ఎంత అడగాలె?" పత్తి జిన్నింగ్ మిల్లోళ్ళు అడిగిన్రు, ప్రైవేట్ దవాఖానల హౌస్ కీపింగ్ చేసే అక్కలు అడిగిన్రు, మొన్న హన్మకొండల బట్టల షాపు నడిపే ఒకాయన కూడా అడిగిండు, నేను మా పోరగాళ్ళకు ఇచ్చేది వాళ్ళకు సరిపోతుందో లేదో నాకెట్ల తెల్వాలె అని. ఒక్కొక్కరికి చెప్పుడు కష్టమైతుంది, అందుకే మొత్తం ఒక్కకాడ రాస్తున్న.

నేను మొదటిసారి ఒక మిల్లుకు మాట్లాడనీకి పోయినప్పుడు మేం సీదా "25 వేలు కావాలె" అన్నం. ఓనర్ కోపం కూడా చెయ్యలే, నింపాదిగ "25 ఎందుకు, 24 ఇస్తే ఏమైతది?" అన్నడు. మా ఏడుగురిల ఒక్కరి దగ్గర జవాబు లేదు. అరగంటల 14కు దిగినం. ఆ రోజు చేతిల ఒక్క కాయితం ఉన్నా కథ వేరే ఉండేది. ఆ కాయితం ఎట్ల తయారు చేసుకోవాలె అన్నదే ఇదంతా.

థియరీ రెండు ముక్కలల్ల అయిపోతది. 1949ల వచ్చిన ఫెయిర్ వేజెస్ కమిటీ రిపోర్ట్ జీతాన్ని మూడు మెట్లు చేసింది. కింద కనీస వేతనం, మీద లివింగ్ వేజ్ అంటే జీవన వేతనం, నడుమ ఫెయిర్ వేజ్. కనీస వేతనం ఇయ్యకపోతే నేరం. లివింగ్ వేజ్ రాజ్యాంగం 43వ ఆర్టికల్‌ల ఉంది గానీ అది సర్కారు చేరుకోవాల్సిన గురి, దాని మీద ఓనర్‌ను కోర్టుకు గుంజలేం. చానమంది ఇక్కడనే తప్పు చేస్తరు, "చట్టం ప్రకారం మాకు 26 వేలు రావాలె" అంటరు, అవతల వకీలు ఉంటే ఒక్క నిమిషంల పరువు పోతది. ఇది చట్టంతోని గుంజుకునేది కాదు, లెక్క చూపించి ఒప్పించేది.

కావాల్సినవి: ఒక పెద్ద నోటుబుక్కు, కాలిక్యులేటర్ (ఫోన్‌ది చాలు), మీలాంటి పనే చేసే ఐదారు కుటుంబాల కిరాణ చిట్టీలు, కిరాయి రసీదులు లేకపోతే నోటి లెక్క, పిల్లల ఫీజు రసీదులు, మీ పే స్లిప్పు, మీ పనికి వర్తించే కనీస వేతనాల జీవో కాపీ. జీవో లేబర్ ఆఫీసుల దొరుకుతది. దాంట్ల బేసిక్ ఏ ఏడుదో తేదీ తప్పకుండ చూడండి, ఐదేండ్లు దాటిపోయి ఉంటే అది కూడా మీ వాదనల ఒక పాయింటే.

1. ముందుగాల ఎవరి కోసం లెక్కనో తేల్చుకోండి

ఒక్క మనిషి ఖర్చు కాదు, కుటుంబం ఖర్చు. 1957ల జరిగిన 15వ ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ ఒక లెక్క పెట్టింది, ఒక సంపాదన మీద మూడు యూనిట్లు బతకాలె అని. పనిచేసే మనిషి 1, ఇంటామె 0.8, ఇద్దరు పిల్లలు 0.6 చొప్పున. కూడితే 3. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీలు.

ముసలోళ్ళ సంగతేంది అని మీరు అడుగుతరని తెలుసు. ఆ 3ల అవ్వ, తాత లేరు. 2019ల కేంద్రానికి రిపోర్ట్ ఇచ్చిన అనూప్ సత్పతీ కమిటీ 3.6 యూనిట్లు తీసుకున్నది, కాకపోతే కేలరీలు 2,400కు తగ్గించింది. మీ వాళ్ళల్ల సగం ఇండ్ల కంటే ఎక్కువ వాటిల అమ్మానాన్నలు కలిసి ఉంటే 3.6 వాడండి, లేకపోతే 3 తోనే పోండి. 3.6ను 2,700తోని మాత్రం కలపొద్దు, రెండు పద్ధతులు కలిపి పెద్ద నంబర్ చేసిన్రని ఇట్టే దొరికిపోతరు. నేను కింద 3 తోనే చేస్తున్న.

2. ధరలు రాసుకోండి, మీరు కొనే దుకాణం ధరలే

వరంగల్ ఎనుమాముల మార్కెట్ల హోల్‌సేల్ రేటు రాయొద్దు, మీరు అక్కడ బస్తాలు మోస్తరు గానీ మీ ఇంటికి అక్కడ కొనరు. సూపర్ మార్కెట్ ఆఫర్ రేటు కూడా వద్దు. కరీమాబాద్ల ఉన్నోళ్ళు కరీమాబాద్ల కిరాణ దుకాణం రేటే రాయాలె. ఉద్దెర మీద తెచ్చుకునే దుకాణమైతే ఉద్దెర రేటు రాయాలె, అది రెండు మూడు రూపాయలు ఎక్కువే ఉంటది కదా. కూరగాయలు, చికెన్ ఒక్క రోజు రేటు చూసి రాస్తే ఎండకాలం ఒక తీరు, శ్రావణంల ఒక తీరు వస్తది, మూడు నెలల సగటు తీసుకోండి.

3. తిండి లెక్క

ఇది మొత్తం లెక్కకు వెన్నుపూస, తీరిగ్గ చెయ్యండి. ఏమేం ఎంత తినాలె అన్నది మీరు కల్పించొద్దు. కేంద్ర ఉద్యోగుల 7వ వేతన సంఘం 1957 ఫార్ములా మీదనే కనీస జీతం కట్టింది, ఆ రిపోర్ట్‌ల మూడు యూనిట్లకు నెలకు ఎంతెంతో జాబితా ఉంది. పరిమాణాలు అక్కడివి. పక్కన రేట్లు నేను ఉదాహరణకు వేసినవి, మీయి మీరు వేసుకోవాలె.

బియ్యం 42.75 కిలోలు, కిలో 52 చొప్పున 2,223
పప్పు 7.2 కిలోలు, 130 చొప్పున 936
కూరగాయలు అన్నీ కలిపి 27 కిలోలు, సగటు 40 చొప్పున 1,080
పండ్లు 10.8 కిలోలు, 70 చొప్పున 756
పాలు 18 లీటర్లు, 64 చొప్పున 1,152
చక్కెర, బెల్లం 5 కిలోలు, 48 చొప్పున 240
నూనె 3.6 కిలోలు, 150 చొప్పున 540
మాంసం 5 కిలోలు, చికెన్ రేటు 220 వేస్తే 1,100
చేపలు 2.5 కిలోలు, 200 చొప్పున 500
గుడ్లు 90, ఒక్కోటి 6 చొప్పున 540

మొత్తం 9,067. దీంట్ల ఉప్పు, కారం, చింతపండు, చాయ్ పత్తి లేవు, వాటికి ఒక 600 వేసుకుంటే 9,667.

"పది కిలోల పండ్లా, మీ ఇంట్ల రోజూ యాపిల్సా?" అని ఒకాయన నవ్విండు మా మీద. నలుగురికి నెలంత కలిపి పది కిలోలంటే మనిషికి రోజుకు ఒక అరటిపండు కంటే పెద్ద ఎక్కువేం కాదు. మాంసం కాడ చూడండి, యాట మాంసం రేటు వెయ్యలే, మొత్తం చికెన్ రేటే వేసిన. ఇట్ల రెండు మూడు చోట్ల కావాలని తక్కువ రేటు వేసి, వేసినమని కాయితం మీద రాసిపెట్టండి. అవతలోళ్ళు ఒక లైను కొట్టెయ్యబోతే ఇది చూపియ్యొచ్చు.

ఇగ రేషన్ బియ్యం. ఇదే అందరు అడిగేది. మన తెలంగాణల 2025 ఉగాది నుంచి కార్డుల ఉన్న మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఫ్రీగ వస్తున్నయి, నలుగురికి 24 కిలోలు, పై రేటుతో 1,248 రూపాయలు. ఇది లెక్కల నుంచి తియ్యాల్నా? నా మాటైతే తియ్యొద్దు. సర్కారు ఆ బియ్యం ఇచ్చేది కూలోనికి, ఓనర్ జీతం ఖర్చు తగ్గియ్యనీకి కాదు. పైంగ మీతోని పనిచేసే బీహార్, ఒడిశా పిల్లలకు ఈ కార్డు ఉండదు, కొత్తగ పెండ్లైన జంటకు కార్డు వచ్చేసరికి టైం పడతది. కాకపోతే తీసేస్తే ఎంత వస్తదో కూడా లెక్క చేసి జేబుల పెట్టుకోండి, అడిగితే తడుముకోవద్దు. 200 యూనిట్ల ఫ్రీ కరెంటుకూ ఇదే మాట. ఆర్టీసీల ఆడోళ్ళకు టికెట్ లేదు నిజమే, కానీ రాత్రి షిఫ్టు అయినంక బస్సు ఉండదు, ఆటోనే దిక్కు.

4. బట్టలు, కిరాయి

బట్ట కుటుంబానికి ఏడాదికి 72 గజాలు, నెలకు అయిదున్నర మీటర్లు. మీటరుకు 150 వేస్తే 825. కుట్టు కూలి దీంట్ల లేదు, చెప్పులు లేవు. ఇప్పుడు ఎవరు కుట్టిచ్చుకుంటున్నరు అంటే రెడీమేడ్ రేటుతోని ఒకసారి పోల్చుకోండి, నాకైతే ఎప్పుడూ ఈ 825 తక్కువే పడ్డది.

కిరాయికి 1957 ఫార్ములాల సర్కారు ఇండ్ల స్కీం కిరాయి తీసుకోమన్నరు, ఆ రేటు పట్టుకుంటే ఈ రోజు వరంగల్ల గోడ కూడా దొరకదు. మీవాళ్ళు నిజంగ ఉండే గల్లీల, రంగశాయిపేటనో దేశాయిపేటనో, రెండు రూములు, లోపలనే బాత్రూం, నీళ్ళు వచ్చే ఇల్లు ఐదింటి కిరాయి అడిగి నడుమ వచ్చేది తీసుకోండి. సగటు కాదు, నడుమది. ఒక ఇల్లు మరీ ఎక్కువుంటే సగటు చెడిపోతది. సొంతిల్లు ఉన్నోళ్ళు కిరాయి సున్నా అని రాస్తరు, ఆ తప్పు చెయ్యొద్దు, వాళ్ళకూ అదే కిరాయి వెయ్యాలె. నేను 5,000 వేస్తున్న.

ఇప్పటికి 9,667 + 825 + 5,000 = 15,492.

5. ఇరవై శాతం, ఇక్కడ పదిమందిల తొమ్మిది మంది తప్పు చేస్తరు

గ్యాస్, కరెంటు, నీళ్ళు, సబ్బులు, ఫోన్ రీచార్జ్, పెట్రోల్, అన్నిటికీ కలిపి 20 శాతం. దేంట్ల 20 శాతం? మొత్తం జీతంల. మీ చేతిల ఉన్న 15,492ల కాదు. అంటే 15,492 అన్నది జీతంల 80 శాతం. దాన్ని 0.8తోని భాగించాలె, 1.2తోని గుణించొద్దు.

తప్పు లెక్క: 15,492 × 1.2 = 18,590
సరైన లెక్క: 15,492 ÷ 0.8 = 19,365

నెలకు 775 రూపాయలు ఒక్క బటన్ కాడ పోతయి. సరిచూసుకోవాలంటే 19,365ల 20 శాతం తీసేయండి, మళ్ళ 15,492 రావాలె.

6. పిల్లల చదువు, దవాఖాన, పండుగలు

1991ల రెప్టకోస్ బ్రెట్ కేసుల సుప్రీంకోర్టు ఈ ఖర్చులకు ఇంకో 25 శాతం కలపాలె అన్నది. చదువు, వైద్యం, పండుగలు పబ్బాలతో సహా కాస్త వినోదం, ముసలితనం, పెండ్లిండ్లు, అన్నీ దీంట్లనే. దీన్ని కూడా మొత్తంల శాతంగ పట్టుకుని భాగించేటోళ్ళు ఉన్నరు, అప్పుడు నంబర్ ఇంకా పెరుగుతది. నేను తక్కువ వచ్చే పద్ధతే పట్టుకుంట: 19,365 మీద 25 శాతం కలిపితే 24,206.

అంటే ఈ ఖర్చులకు నెలకు 4,841. సరిపోతదా అన్నది మీరే చూడాలె, ఇది మాత్రం ఫార్ములాను నమ్మి వదిలెయ్యొద్దు. ఐదు కుటుంబాల అసలు ఖర్చు రాయండి. రోజూ రాని ఖర్చును నెలలకు పంచుడు నేర్చుకోండి: స్కూల్ ఫీజు 12తో భాగించాలె, బతుకమ్మ చీరలు, దసరా ఖర్చు కూడా 12తోనే, మేడారం జాతర రెండేండ్లకోసారి కాబట్టి 24తో. మేడారం పోయొచ్చేసరికి బండి కిరాయి, యాట, ఎత్తు బంగారం (మొక్కు బెల్లం), చుట్టాల భోజనం అన్నీ కలిపి 12,000 అయితే నెలకు 500 అన్నట్టు. ఇది దుబారా కదా అనేటోళ్ళకు ఏం చెప్పాలె అంటే, పండుగ ఖర్చు సుప్రీంకోర్టు తీర్పులనే ఉందని చెప్పండి, చాలు.

7. చేతికొచ్చేది వేరు, గ్రాస్ వేరు

24,206 అన్నది ఇంటికి రావాల్సిన పైసలు. పీఎఫ్‌కు 15,000 మీద 12 శాతం అంటే 1,800 కోత, తెలంగాణల 20,000 దాటిన జీతానికి ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. కాబట్టి గ్రాస్, అంటే కోతలకు ముందటి జీతం, 24,206 + 1,800 + 200 = 26,206. నెలకు 26 పని దినాలతో భాగిస్తే రోజుకు 1,008. 30తోని భాగించొద్దు, అట్ల చేస్తే వారానికి ఒక రోజు సెలవు కూలి మీ చేతులతో మీరే పోగొట్టుకున్నట్టు.

ఒక ఉచ్చు ఉంది ఇక్కడ, జాగ్రత్త. ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) 21,000 జీతం వరకే. మీ నంబర్ దాన్ని దాటితే ఈఎస్ఐ కార్డు పోతది, ఇంట్ల షుగరో కిడ్నీ జబ్బో ఉన్న మనిషి ఉంటే పెరిగిన జీతం కంటే పోయిన వైద్యమే ఎక్కువైతది. ముందే మాట్లాడుకోండి, 21,000 దాటితే ఓనర్ ఖర్చుతోని గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ అని డిమాండ్ల రాయండి. ఓవర్ టైం పైసలను, అటెండెన్స్ బోనస్‌ను జీతంల కలిపి "ఇప్పటికే 22 వేలు వస్తున్నయి కదా" అంటే ఒప్పుకోవద్దు, లివింగ్ వేజ్ ఎనిమిది గంటల పనికే రావాలె.

8. నెల జీతం లేనోళ్ళు

హమాలీలు, బీడీలు చేసేటోళ్ళు రోజు కూలి నుంచి రేటుకు దిగాలె. పది మంది గుంపు ఎనిమిది గంటల్ల 900 బస్తాలు ఎత్తుతరనుకుంటే 1,008 × 10 ÷ 900, బస్తాకు 11 రూపాయల 20 పైసలు. గుంపుల బాగా బలమున్న పిల్లగాని లెక్క పట్టుకోవద్దు, యాభై ఏండ్ల మనిషి కూడా ఉన్న మామూలు రోజు లెక్క పట్టుకోండి. బీడీలకైతే చుట్టే టైం ఒక్కటే కాదు, ఆకు నానబెట్టుడు, కత్తిరించుడు, కార్ఖానకు తీసుకపోయి ఇచ్చి వచ్చుడు, అన్నీ ఎనిమిది గంటల్లనే రావాలె. అట్ల చూస్తే జగిత్యాల, కోరుట్ల దిక్కు ఇప్పుడున్న వెయ్యి బీడీల రేటుకు, మీకొచ్చే నంబర్‌కు అసలు పొంతనే ఉండదు. నవ్వుతరు. నవ్వినా కాయితం ఇయ్యండి.

సీజన్ పనైతే, జిన్నింగ్ లెక్క, ఖాళీ నెలలు ఎన్ని, అప్పుడు ఏ పని దొరుకుతది, ఎంత వస్తది అన్నది విడిగ రాయండి. సీజన్ కూలితోనే ఏడాదంత బతకాలె అని మొత్తం భారం ఒక్క ఓనర్ మీద వేస్తే నిలబడదు, ఖాళీ నెలలల్ల మిగతా పని వెతుక్కునుడు కూడా ఖర్చే అన్నంత వరకు నిలబడతది.

9. లెక్క కరెక్టేనా, చూసుకునుడు ఎట్ల

తిండి వాటా చూడండి. పై లెక్కల 24,206ల 9,667, సుమారు 40 శాతం. మీకు సగం కంటే ఎక్కువ వస్తే ఏదో ఖర్చు మరిచిపోయిన్రు, మూడోవంతు కంటే తక్కువ వస్తే కిరాయో ఫీజో ఎక్కువ రాసిన్రు. ఇది నా అనుభవం లెక్క, రూలు కాదు.

రెండోది అప్పుల పరీక్ష, నాకు అన్నిటికంటే దీని మీదనే నమ్మకం. ఒక ఇంటికి 14,000 వస్తది, ఖర్చు 21,000 అని రాసిన్రనుకోండి. ఆ 7,000 ఎక్కడినుంచి వస్తున్నయి? గ్రూపుల తెచ్చిన అప్పా, చిట్టీ ఎత్తిన పైసలా, బంగారం గిర్వి పెట్టిన్రా, దుకాణంల ఉద్దెర పెరుగుతుందా, లేకపోతే ఇంటామె కూడా పనికి పోతుందా? జవాబు దొరికితే లెక్క నిజం. దొరకకపోతే ఖర్చు కాడ ఎక్కువ రాసిన్రు, మళ్ళ కూసోండి. మిత్తికి ఎంత పోతుందో కూడా అప్పుడే బయటపడతది, ఒక అక్కకు ఆమె కట్టే మిత్తి ఎంతనో నోటుబుక్కుల రాసినంకనే తెలిసింది. ఆ మిత్తిని మాత్రం లివింగ్ వేజ్‌ల కలపొద్దు, జీతం సరిపోక అయిన అప్పు అది.

మూడోది బయటి కొలత. 7వ వేతన సంఘం ఇదే ఫార్ములాతో 2016 జనవరి నుంచి 18,000 కనీస జీతం ఇప్పిచ్చింది. 2025 జులైల దాని మీద డీఏ (కరువు భత్యం) 58 శాతం అయింది, కలిపితే 28,440, ఇంటి అద్దె భత్యం వేరే. మన 26,206 దానికంటే తక్కువ. అంటే కేంద్ర సర్కారు తన ఆఫీసుల అటెండర్‌కు ఇచ్చేదాని కంటే మనం ఎక్కువేం అడుగుతలేం. ఈ ఒక్క లైను చానసార్లు పని చేసింది.

10. ముందట కూసున్నప్పుడు

మూడు ప్రశ్నలు ఖాయంగ వస్తయి.

"మీ ఇంటామె కూడా పనిచేస్తది కదా?" 1957 ఫార్ములాలనే ఆడోళ్ళ, పిల్లల సంపాదన లెక్కల పట్టొద్దని ఉంది. ఇప్పుడు బయటి దేశాలల్ల వాడే యాంకర్ పద్ధతిల మాత్రం ఇంట్ల సంపాదించేటోళ్ళ సంఖ్యతో భాగిస్తరు, ఒకటిన్నర అనుకుంటే మన నంబర్ 17,471కి పడతది. అవతలోళ్ళకు ఇది తెలిసి ఉండొచ్చు. అట్ల భాగిస్తే చిన్న పిల్లల్ని చూసుకునే ఖర్చు, రెండో మనిషి రానుపోను కూడా కలపాలె అని చెప్పండి. పైంగ మీ దాంట్ల భర్త లేని అక్కలు ఎంతమంది ఉన్నరో ముందే లెక్కపెట్టుకోండి, హౌస్ కీపింగ్‌ల మస్తుమంది ఉంటరు, వాళ్ళకు ఒకటిన్నర ఎక్కడిది?

"2019 కమిటీ రోజుకు 375 చాలన్నది." అది 2018 జులై ధరల మీద, దేశం మొత్తానికి కనీస వేతనం కోసం, లివింగ్ వేజ్ కోసం కాదు.

"గిరాకీ లేదు, ఇచ్చుకోలేం." దీనికి జవాబు రెండు తీర్లు. కనీస వేతనం కంటే తక్కువ ఇస్తుంటే ఈ మాట చెల్లదు, కనీస వేతనం కూడా ఇయ్యలేని పరిశ్రమకు నడిచే హక్కు లేదని క్రౌన్ అల్యూమినియం కేసుల సుప్రీంకోర్టు 1950లల్లనే చెప్పింది. కనీస వేతనం దాటి అడుగుతుంటే మాత్రం ఇచ్చే శక్తి అన్నది నిజంగనే చర్చల వస్తది, కొట్టిపారెయ్యొద్దు. ఇప్పుడొచ్చే జీతానికి, మీ నంబర్‌కు నడుమ తేడాను మూడేండ్లకు పంచి అడగండి. 14,000 వస్తుంటే తేడా 12,206, ఏడాదికి సుమారు 4,070. బట్టల షాపు ఆయనకు కూడా నేను ఇదే చెప్పిన, మొదటేడు తేడాల మూడోవంతు పెంచిండు, మిగతాది చూద్దామన్నడు.

మూడేండ్లకు పంచినప్పుడు ధరలు ఆగవు కదా, కాబట్టి డీఏ లైను తప్పకుండ రాపియ్యండి. లేబర్ బ్యూరో నెలనెలా ఇచ్చే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీల వరంగల్ సెంటర్‌కు వేరే నంబర్ ఉంటది, అది పట్టుకోండి, ఏప్రిల్, అక్టోబర్ల మార్చేటట్టు. కొత్త జీతం అంటే పాత జీతం × కొత్త సూచీ ÷ పాత సూచీ, అంతే. ఏ నెల సూచీ మీద ఒప్పుకున్నరో నెల, ఏడు, నంబర్, బేస్ 2016 (2016 ధరలను 100 అనుకుని కట్టిన సిరీస్) అని ఒప్పందంల అక్షరాల రాయాలె, లేకపోతే ఏడాదికి పాత సిరీస్ నంబర్ కొత్త దాంతో కలిపి గందరగోళం చేస్తరు. వీలైతే ఒప్పందం లేబర్ ఆఫీసర్ ముందటనే రాసుకోండి, అట్ల రాసింది అక్కడ పనిచేసే అందరికీ వర్తిస్తది, మీకూ ఓనర్‌కూ నడుమ రాసుకున్నది సంతకం పెట్టిన పార్టీల వరకే. మీ లెక్క కాయితం దానికి జత చేసి, ప్రతి పేజీ మీద రెండు దిక్కుల సంతకం తీసుకోండి, జిరాక్స్ ఒకటి మీ ఇంట్ల, ఇంకోటి వేరే వాళ్ళింట్ల పెట్టండి.